మిరపకాయల షెడ్డులో పదో తరగతి

ఇది రెండువేల ఇరవై మూడులో మొదలైన సంగతి. నల్లతామర పురుగు తగిలి మిరపతోటలు మాడిపోయిన ఏడు గుర్తుందిగా, దాని తర్వాత. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఒక శెట్టిగారి షెడ్డు. అందులో మా ముఠా పనిచేస్తంది. ముఠా అంటే కొట్లాటల ముఠా అనుకునేరు, కాదు. మిరపకాయలకి తొడిమెలు తీసే ఆడోళ్ళ గుంపు. దానికి నేను మేస్త్రిని. నా పేరు కోటమ్మ. మా ఆయన పోయిన కాడ్నుంచీ ఈ పనే నాకు అన్నం పెట్టింది, నా పిల్లల్ని పెంచింది, నలుగురిలో నా మాట నిలబెట్టింది.

నాకు చదువు లేదు. సంతకం గీకుతా, అంతే. అందుకని నేను చెప్తన్నా, సువార్త రాస్తంది. ఈ కథంతా దాని గురించే. మెచ్చుకున్న చోటల్లా పెన్ను ఆపి "ఇది వద్దులే అత్తా" అంటంది. రాయవే, నీ పెన్ను నా నోటికి అడ్డం పెట్టమాక అన్నా. అదీ రాసింది.

మా పని తెలవనోళ్ళకి ముందు కొంచెం చెప్పాల. తోటలో కోసి ఎండబెట్టిన కాయ కోల్డ్ స్టోరేజీకి పోద్ది. సరుకు రంగు పోకుండా చల్లగా దాచే గోడౌను అది. అక్కడ్నుంచి ఏడాది పొడుగునా మా షెడ్డుకి టిక్కీలు వస్తా ఉంటయ్. టిక్కీ అంటే మిరపకాయల గోతం. పట్టా మీద గుమ్మరించి చుట్టూ కూర్చుంటాం. తొడిమె తీయటం ఒక పని. అది వేళ్ళకి అలవాటైపోద్ది, చూడక్కర్లా. తాలు ఏరటం ఇంకో పని. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఈ ఏరటాన్ని శెట్టిగారు గ్రేడింగ్ అంటారు. దానికి మాత్రం కన్ను కావాల, మనసు కావాల.

పొద్దుగూకేసరికి చేతులు భగభగ మండుతయ్. ఆ చెయ్యి కంటికి తగిలిందా, ఇక అంతే. మా షెడ్డులో చెమటైనా కన్నీళ్ళైనా భుజానికి రాసుకోవాల్సిందే. అందుకే మా ముఠాలో పాత ఆచారం ఒకటుంది. నెలలు నిండినదాన్నీ, పాలిచ్చే తల్లినీ కాయ ముట్టనియ్యం. తలుపు పక్కన పీటేసి గోతాలు కుట్టమంటాం. దాని వంతు తొడిమెలు మిగతావాళ్ళం తీస్తాం. ఆ పీటని బాలింత పీట అంటాం.

సువార్తది శావల్యాపురం అవతల పల్లె. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేశారు. మొగుడు లారీ మీద తిరుగుతాడు, ఇద్దరు పిల్లలు. వాళ్ళ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరమ్మ రిటైర్ అవబోతంది. ఆ పోస్టుకి పది పాసై ఉండాల. అందుకని ఓపెన్ స్కూల్లో చేరింది. అంటే రోజూ బడికి పోకుండా ఇంటికాడ చదువుకుని పరీక్ష రాయటం. ఇంటికాడ ఖాళీ ఎక్కడిది? పొద్దున్నే వంట, ఆటో, షెడ్డు, మళ్ళీ ఆటో, మళ్ళీ వంట.

ఒకనాడు నా పక్కన చేరింది.

"అత్తా, ఫోన్లో పాఠాలుంటయ్. అన్ని సబ్జెక్టులూ. ఉత్తినే."

"ఉత్తినే ఎవడు చెప్తాడే? వెనకమాల ఏదో ఉంటది."

"ఏం లేదత్తా. ఎవరో మాస్టార్లు చెప్పి పెట్టారు. ఎవురైనా వినొచ్చు. చెవుల్లో పెట్టుకుని వింటా పనిచేస్తా."

నా ముఠాలో ఫోను నిషేధం. అయినా దాని మొహం చూస్తే కాదనబుద్ధి కాలా. "చెవుల్లో పెట్టుకుంటే నేను పిలిచేది నీకు వినపడదు. పెడితే అందరికీ వినపడేట్టు పెట్టు" అన్నా.

ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి గోడ మేకుకి తగిలించాం. చేతులు కారం కాబట్టి మధ్యలో దాన్ని ముట్టుకునేది లేదు. ఒక పాఠం అయిపోతే దానంతటదే ఇంకోటి వచ్చేది. పదో తరగతిదే రావాలని ఏమీ లేదు. అగ్నిపర్వతాలు వచ్చినయ్, పార్లమెంటు వచ్చింది, పాలు పెరుగు ఎట్టా అయిద్దో వచ్చింది, చుక్కలెంత దూరంలో ఉన్నయ్యో వచ్చింది. పాఠం ఉత్తినే గానీ నెట్టు కావాలిగా, రోజూ ఒకరు తమ ఫోన్నుంచి ఇచ్చేవాళ్ళు.

మొదట్లో రవణమ్మ గొణిగింది. రవణమ్మ అంటే మా ముఠాలో పెద్ద నోరు. "ఏందే ఈ గోల? పాటలు పెట్టండే" అంది. సైన్సు మాస్టారు గుండెకి నాలుగు గదులని చెప్పినరోజు మాత్రం చెయ్యి ఆపింది.

"ఏందీ, నాలుగా? నాకు ఇల్లే ఒక్క గదమ్మా!"

ఇంకో మాస్టారు ఉండేవాడు. పాఠం మధ్యలో "అర్థమైందా బంగారం?" అనేవాడు. రవణమ్మ పట్టా మీంచి "అయింది సార్!" అని అరిచేది. "మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి అనలేదే ఆ మాట" అనేది. అది సెలవు పెట్టిన రోజున కూడా మేమే దాని బదులు "అయింది సార్" అనేవాళ్ళం.

అట్టా సాగుతుండగా దెబ్బ పడింది. ఆరోజు తాలు ఏరుతన్నాం. ఫోన్లో సోషల్. ఉప్పు కోసం సముద్రం దాకా నడిచిపోయిన జనం కథ. మాస్టారు ఎంత బాగా చెప్తన్నాడంటే, మేమూ ఆ జనంతో నడుస్తన్నట్టే ఉంది. కళ్ళన్నీ మేకు మీద, చేతులు మాత్రం కాయల్లో. వాళ్ళు గుప్పెట్లోకి ఉప్పు తీసుకునేసరికి మేం తాలు కాయని ఎర్ర కాయలో కలిపేశాం.

శెట్టిగారు వచ్చి గోతంలో చెయ్యి పెట్టారు. గుప్పెడు తీస్తే సగం తెలుపు.

"కోటమ్మా! ఏందిది? ఈ సరుకు గుంటూరు మిర్చి యార్డుకి పోతే నా పరువేంగాను?"

ఆయన మేకు వంక చూశారు. "ఆ ఫోను తీసెయ్. లేదా ఆ పిల్లని మాన్పించు. ఇది షెడ్డా, బడా?"

సువార్త లేచి కవరు తీసి కొంగులో పెట్టుకుంది. "నా వల్ల మీకెందుకత్తా" అని చెప్పులు వెతుక్కుంటంది.

"కూర్చో" అన్నా దాన్ని. శెట్టిగారి వైపు తిరిగా.

"శెట్టిగారూ, కలిపింది ఈ పిల్ల ఒక్కతే కాదు, అందరం కలిపాం. ఈ గోతాలన్నీ మళ్ళీ గుమ్మరించి మేమే ఏరతాం, పైసా అడగం. ఇకమీదట తొడిమె తీసేటప్పుడే పాఠం. తాలు ఏరేటప్పుడు ఫోను నోరు మూసుకుంటది. దానికి నా పూచీ."

"మళ్ళీ ఒక్క తాలు కాయ కనపడిందో..."

"కనపడితే ఆ ఫోను మీరే పట్టుకుపోండి. నన్ను కూడా పంపించెయ్యండి."

ఆయన గుప్పెట్లో కాయలు పట్టా మీద పడేసి వెళ్ళిపోయారు. ఆ పూటంతా గోతాలు గుమ్మరించి ఏరాం. ఆ తర్వాత మా షెడ్డు నుంచి తాలు మాట రాలేదు. ఇంకో వింత ఏందంటే, పాఠాలప్పుడు శెట్టిగారు కాటా కాడ ఊరికే నిలబడేవారు. ఒకరోజు పోతా పోతా అడిగారు, "ఆ ఉప్పు కథ మిగతాది ఎప్పుడు పెడతారు?" అని.

అన్ని సబ్జెక్టులకీ చెవులు సరిపోయినయ్, లెక్కలకి సరిపోలా. లెక్కల మాస్టారు బోర్డు మీద రాస్తా "దీన్ని ఇటు తీసుకొస్తే ఏమయింది?" అంటాడు. "ఏం తెచ్చాడే? ఎటు తెచ్చాడే?" అని రవణమ్మ. చూస్తే గానీ తెలవదు. చూడాలంటే చేతులు ఆపాల. సువార్త అన్నం టైములో చేతులు కడుక్కుని చూసేది, రెండు ముద్దలు తినేలోపు టైము అయిపోయేది. మార్చి పరీక్షలు దగ్గరపడినయ్. ఒకరోజు అన్నం గిన్నె పక్కన పెట్టేసి అంది.

"నాలుగు పాసై లెక్కలు పోతే, పది పోయినట్టే అత్తా. పోస్టు ఇంకెవురికో పోద్ది. ఇక వదిలేస్తా."

నేను ఆ సాయంత్రమంతా ఆలోచించా. మర్నాడు పొద్దున్నే అందరూ కూర్చున్నాక, బాలింత పీట చూపించి "సువార్తా, పోయి దాని మీద కూర్చో" అన్నా. అప్పుడు ముఠాలో బాలింత లేదు, పీట ఖాళీ. గోతం కుట్టి, రెండు కుట్ల మధ్య ఫోను చూసుకోవచ్చు. చెయ్యి శుభ్రంగా ఉంటది.

ఆచారం తప్పానని కొందరి మొహాలు. దాని వంతు కాయ మేమెందుకు తీయాలని కొందరి మొహాలు. రవణమ్మ ఏమంటదోనని నేను చూస్తన్నా. అది నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

"ఏమే సువార్తా, మాకు చెప్పనేలేదు. ఎన్నో నెల?"

సువార్త ముందు బిత్తరపోయింది. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "ఎనిమిది నిండినయ్ పిన్నీ. మార్చిలో కానుపు" అంది.

షెడ్డు రేకులెగిరిపోయేట్టు నవ్వారు. ఇంక ఎవురూ అడ్డు చెప్పలా. పైగా ఇంటి దగ్గర్నుంచి దానికి పులుసన్నం తెచ్చేవాళ్ళు, చూలాలికి పెట్టినట్టు.

అది గోతాల మీదే సుద్దముక్కతో లెక్కలు చేసేది. అది చెరపటం మర్చిపోయిన గోతాలు కొన్ని యార్డుకి పోయినయ్. శెట్టిగారు తల పట్టుకుని వచ్చారు. "నా గోతాల మీద ఈ ముక్కోణాలేందమ్మా? కొత్త మార్కానా అని అడుగుతన్నారు!" మార్కా అంటే ఏ వ్యాపారి సరుకో తెలిసేట్టు గోతం మీద వేసే గుర్తు. "ఏమన్నారు శెట్టిగారూ?" అన్నా. "అవునన్నా. ఏమంటా మరి?" అన్నారు.

లెక్కల పరీక్ష రాసి నేరుగా షెడ్డుకే వచ్చింది. "నొప్పులెట్టా ఉన్నయ్యే?" అంది రవణమ్మ. "తెలవట్లా పిన్నీ" అని గోతం ముందేసుకుంది.

ఫలితాలొచ్చిన రోజుకి మిరప మంచి జోరు మీద ఉంది. కొత్త కాయ గుట్టలుగా వస్తంది. సువార్త పీట దిగి మా మధ్యకొచ్చి తొడిమెలు తీస్తంది. పీట మీద ఇప్పుడు నిజం బాలింత ఉంది, మరియమ్మ. ఫలితాలు ఫోన్లో పెట్టారని బయట ఎవురో అన్నారు. ఫోను మేకుకి ఉంది. అందరి చేతులూ కారం. "మరియా, నువ్వు నొక్కవే" అన్నా. ఒళ్ళో బిడ్డతోనే నొక్కింది. సువార్త నంబరు చెప్పింది. మరియమ్మ ఒక్కోటీ చదివింది. తెలుగు పాస్. ఇంగ్లీషు పాస్. సైన్సు పాస్. సోషల్ పాస్. అక్కడ ఆగింది. తెర పైకి జరపాలంట. నా గుండెలో నాలుగు గదులూ ఆగిపోయినయ్.

"లెక్కలు కూడా పాస్ అక్కా!"

సువార్త బావురుమంది. చెయ్యి కంటి మీదకి పోతంది. "ఒసే, తుడుచుకోమాక!" అని అరిచి, నా భుజం మీద కొంగు శుభ్రంగా ఉన్న వైపుకి దాని మొహం అదుముకున్నా. చుట్టూ చూస్తే ముఠా మొత్తం భుజాలకి కళ్ళు రాసుకుంటంది. రవణమ్మ ఒక్కతే మొహం పైకెత్తి, కన్నీళ్ళు కారతానే అంది.

"దీని అమ్మకి ఫోన్ చెయ్యండే. తల్లీ బిడ్డా క్షేమం అని చెప్పండి."

ఇప్పుడు సువార్త వాళ్ళ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. పసిపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తంది. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని ఇది రాస్తంది. ఇంకా మెచ్చుకోవద్దంటంది. నేను మెచ్చుకునేది దాన్ని ఒక్కదాన్నే కాదు, నా ముఠాని. చదువు ఫోన్లో ఉత్తినే దొరికింది నిజమే. చెప్పిపెట్టిన ఆ మాస్టార్లకి దండం. కానీ ఉత్తినే దొరికే చదువుకి కూడా కారం లేని చెయ్యి ఒకటి కావాల, కూర్చునే చోటు ఒకటి కావాల. ఆ చోటు ఇవ్వటం మేస్త్రి చేతిలో ఉంటదని నాకు ఈ పిల్ల వల్ల తెలిసింది. అప్పటిదాకా మేస్త్రి అంటే కాయ పని చేయించటమే అనుకునేదాన్ని.

ఇప్పుడు బాలింత పీట ఖాళీ అయినప్పుడల్లా ముఠా అంతా వినేట్టు అడుగుతా, "ఎవురికే నెలలు?" అని. మొన్న ఒక పిల్ల తల దించుకుని, "నాకత్తా. ఇంటరు" అంది.

జరగండే, దానికి దారి ఇవ్వండి అన్నా.