కడిగి ఇచ్చిన డబ్బాలు

డాక్టరు చదువు అయిపోయాక ఇంకా చదువుతానంటే, ఇగ రోగుల్ని ఎప్పుడు చూస్తవే అని మా అమ్మ పరేషాన్ అయింది. నేను చేరింది డాక్టర్లను క్యాన్సర్ పరిశోధకులుగా తయారుచేసే శిక్షణలో. హైదరాబాదులో పొద్దున వార్డు, మధ్యాహ్నం నుంచి ల్యాబ్. మా గైడ్ మేడమ్ చండశాసనురాలు. మందిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, రోగాన్ని నిలదీసి అడిగేవాళ్లు కావాలి అనేది. ఏడాదిలోపు సొంత ప్రశ్న ఒకటి పట్టుకుని, దానికి నమూనాలు తేవాలి. తేకపోతే ల్యాబ్ సీటు పోతుంది.

నా ప్రశ్న మా నారాయణఖేడ్ నుంచే పుట్టింది. నాగల్‌గిద్ద వైపు ఆడవాళ్లు కందిచేలల్లో పనిచేస్తూ దవడన తంబాకు పెట్టుకుంటారు. కొందరికి అక్కడ తెల్లమచ్చ లేస్తుంది. ఏ మచ్చ క్యాన్సర్‌గా మారుతుందో, ఉమ్మిలో రాలిన కణాలను చూసి ముందే చెప్పగలమా?

ఒక ఊరి అంగన్‌వాడీలో ఆడవాళ్లను కూర్చోబెట్టి మూత డబ్బాలు పంచాను. పొద్దున లేవగానే ఉప్పునీళ్లు పుక్కిలించి అందులో ఉమ్మి తెమ్మన్నాను. అందరూ బుద్ధిగా తలూపారు.

మర్నాడు మేడమ్ స్వయంగా ఐస్‌పెట్టెతో జీపు దిగింది. డబ్బాలన్నీ వచ్చాయి, తళతళ మెరుస్తూ. బూడిదతో తోమి, కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాంట్లో పిడికెడు కందిపప్పు పోసి మరీ తెచ్చారు. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా!

మేడమ్ ఒక డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. కణాలు బాగా పెద్దవే దొరికాయి అంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, సాయంత్రంలోగా దారి దొరక్కపోతే ఈ ప్రశ్న వదిలేయమంది. వేరే ప్రశ్నకు ఏడాదిలో మిగిలిన టైము చాలదని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ముందు కోపమొచ్చింది. మరి నిన్న తలలెందుకు ఊపినట్టు అని అడిగేశాను.

జవాబు చెప్పింది ఒక అవ్వ. అందరికన్నా పెద్ద మచ్చ ఆమె దవడలోనే ఉంది.

"ఎంగిలి ఎట్లిస్తం బిడ్డా? నువ్వు చేత పట్టుకుంటవు. మాకు పాపం తగుల్తది."

నా కోపం అక్కడికక్కడే చల్లారింది. పుస్తకంలో అది నమూనా, ఇక్కడ ఎంగిలి. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం నేను నేర్చుకున్నదీ ఈ గడ్డమీదే. వీళ్లది మొండితనం కాదు, నా మీద మర్యాద.

మధ్యాహ్నం అవ్వ మా ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. తనూ తింటూ, నీళ్లు తేవడానికి లేచింది. ఆమె పళ్లెంలో కొరికిన రొట్టె ఉంది. తీసుకుని తినడం మొదలుపెట్టాను. అవ్వ చెంబు కింద పెట్టేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏంది గిది? అది నా ఎంగిలి."

"ఎర్కే అవ్వా. మా అమ్మ ఎంగిలి తినే గింత పెద్దగైన."

ఇది ప్రోటోకాల్‌లో లేదే అని మేడమ్ గొణిగింది. అవ్వ మాత్రం నేను ఆఖరి ముక్క మింగేదాకా చూస్తూ నిలబడింది.

"గంత తిన్నంక ఇగ డబ్బల ఏముంది? తే."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. మేడమ్ ఆ రాత్రి ఖేడ్‌లోనే ఆగిపోయింది. పొద్దున ఒక్క డబ్బా కూడా మెరవలేదు. అంత మురికి వస్తువులను చూసి అంత సంబరపడటం నా జన్మలో అదే మొదలు.

ల్యాబ్‌లో అవ్వ కణాలే అందరికన్నా ఎక్కువగా దారి తప్పి కనిపించాయి. హైదరాబాదుకు పిలిపించి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే, అప్పుడే మొదలైంది. పాకకముందే కోసి తీసేశారు. నా ప్రశ్న నిలిచింది, నా సీటు నిలిచింది, అన్నిటికన్నా మిన్నగా అవ్వ నిలిచింది. ఆ రోజు ల్యాబ్ వరండాలో నేను చిన్నపిల్లలా గెంతాను, మేడమ్ చూడనట్టు నటించింది.

తెలంగాణ వచ్చిన ఏడాదికి నేనే కొత్త డాక్టర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఊళ్లోకి తీసుకెళ్లినప్పుడు ముందు వాళ్లను ఊరివాళ్లతో కూర్చుని తినమంటాను, డబ్బాల సంగతి ఆ తర్వాతే. ఒకరోజు అవ్వ ఖేడ్ బస్సులో పరీక్షకు వచ్చింది. నా శిష్యులంతా వరసగా ఆమె నోరు చూశారు. ఎక్కడా మచ్చ లేదు. ఇక ఏడాదికోసారి చూపిస్తే చాలన్నాను.

అవ్వ సంచిలోంచి ఆనాటిలాంటి డబ్బా ఒకటి తీసింది. ఆపరేషన్ తర్వాత పరీక్షలకని ఇచ్చినవాటిలో ఒకటి ఇంట్లో మిగిలిపోయిందట. బూడిదతో తోమి ఉంది, నిండా కందిపప్పు.

"నీ డబ్బ నీకు. ఇగ దీంట్ల ఉమ్మే పని లేదు గద?"

"లేదవ్వా," అని రెండు చేతులా అందుకున్నాను.