మందతో నడిచిన సాలెగూళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (తర్వాత చదువు పెరిగే కొద్దీ చాలా తెలియకుండా పోయాయి.) కొత్త జిల్లాలు వచ్చిన కొత్తలో నేను జంతుశాస్త్రం పీజీ రెండో ఏడు. గుంపుగా బతికే సాలెపురుగులకు ఆ గుంపు వల్ల ఒరిగేదేమిటో తేల్చమని మా సార్ ప్రాజెక్టు ఇచ్చారు. ఇవి ముళ్ళకొమ్మల్లో మాసిన గుడ్డ ఉండలాంటి గూడు కట్టుకుని వందలుగా కలిసి ఉంటాయి. వలలో మిడత పడితే కలిసి లాగుతాయి, కలిసి తింటాయి. (మా హాస్టల్లో చివరిది మాత్రమే కనిపించేది.) పదిహేను కొమ్మల మీద ఒక్కొక్క పురుగును, ఇంకో పదిహేనింటి మీద పదేసి పురుగులను వదిలి, నెల తర్వాత ఏవి మిగిలాయో రాయాలి. "నెల నిండకపోతే వచ్చే ఏడు మళ్ళీ చేద్దువులే," అన్నారు సార్, ఎంతో ప్రేమగా.

కోస్గి దగ్గర మా మేనమామ చేనులో అప్పుడు గొర్రెల మంద దిగి ఉంది. ఎండాకాలం ఖాళీ చేనులో ఎరువు కోసం మందను పడుకోబెట్టించుకోవడం అక్కడి రివాజు. మంద చుట్టూ తుమ్మకంప కంచె. ముళ్ళు ఎదురుగా ఉంటే పొదల్లో గీరుకోవడం దేనికని నా పురుగులన్నిటినీ ఆ కంచె మీదే వదిలి, ఒంటివాటి కొమ్మలకు ఎర్రదారం, గుంపులకు పసుపుదారం కట్టాను. నేను మహబూబ్‌నగర్ టౌనువాణ్ణి. కంచె అంటే కదలనిదని నమ్మాను.

ఎనిమిదో రోజు పొద్దున వెళ్తే చేను నున్నగా ఉంది. మందా లేదు, కంచే లేదు. ఎరువు మాత్రం దివ్యంగా పడింది.

"మంద ఇంకోల చేన్లకు పోయింది అల్లుడా," అన్నాడు మామ, వేపపుల్ల నములుతూ.

"మరి కంచె?"

"మంద ఏడికి పోతె కంచె గాడికే. గిది గుడ సెప్పలేదా మీ కాలేజీల?"

మూడు చేలు దాటి పరుగెత్తాను. కొత్త కంచె లేచింది. నా దారాల కొమ్మలు మాత్రం విడిగా కుప్పేసి ఉన్నాయి. కుప్ప పక్కన కాపరి, చేతిలో అగ్గిపెట్టె, వెనక అతని తల్లి.

"దారాలు గట్టినోడివి నువ్వేనా బిడ్డా?" అంది అవ్వ. "మంద మీద ఎవడో బాణామతి చేసిండని మావోడు నిన్నటి సంది బువ్వ తింటలేడు."

"మంత్రం కాదవ్వా, చదువు."

"రెండిట్ల ఏది పెద్ద లొల్లి?"

కుప్పకూ అగ్గిపుల్లకూ మధ్య నిలబడ్డాను. (వీరుణ్ణి కాను, ఇంకో ఏడాది హాస్టల్ సాంబారు తలుచుకున్నాను.) "జర ఆగన్నా" అని ఒక మిడతను పట్టి పసుపుదారం కొమ్మ మీది వలలో వేశాను. కంపను ఈడ్చినప్పుడు చిరిగిన వలను అవి రాత్రికి రాత్రే మళ్ళీ అల్లుకుని ఉన్నాయి. గూట్లోంచి ఒకటి వచ్చింది, ఇంకొకటి, తర్వాత అన్నీ వచ్చి తలో కాలు పట్టుకుని లాగాయి.

"ఓయమ్మో, మనలెక్కనే పోగులేసుకుంటున్నయి రా!" అని అవ్వ పకపకా నవ్వింది. యాట మాంసం ఊళ్ళో పోగులేసి పంచుకోవడం గుర్తొచ్చి కాపరీ నవ్వాడు. అగ్గిపెట్టె జేబులోకి పోయింది.

తర్వాత ఇరవై రెండు రోజులు మంద ఎక్కడ దిగితే నేనక్కడ, అవ్వ పెట్టే రొట్టె తింటూ. నా కంప నేనొక్కణ్ణే మోస్తానని పంతం పట్టి, మొదటి రోజే చొక్కా సగం కంచెకిచ్చాను. రెండో మజిలీ నుంచి కాపరి, అవ్వ, నేను ముగ్గురం మోశాం. నెల నిండేసరికి ఎర్రదారం కొమ్మలు దాదాపు ఖాళీ, పసుపువి చాలావరకు నిండుగా ఉన్నాయి. ఒక ఒంటి పురుగు మాత్రం బలిసి కూర్చుని నా సిద్ధాంతాన్ని వెక్కిరించింది. "మంద కాడ ఈగలకు కరువా?" అని అవ్వ తేల్చింది. దాన్నీ ఉన్నదున్నట్టు రాశాను.

ప్రాజెక్టు గట్టెక్కింది. కృతజ్ఞతల పేజీలో సార్ నుంచి ల్యాబు అటెండరు దాకా అందరినీ తలుచుకున్నాను, అవ్వను తప్ప. శాస్త్రంలోకి గొర్రెలొస్తే గాంభీర్యం పోతుందని నా భయం. మొన్న ఆ ప్రాజెక్టు పుస్తకం చేతికి దొరికితే, ఆ గంభీరుణ్ణి చూసి నవ్వుకుంటూ, ఖాళీ జాగాలో ఆమె పేరు రాద్దామని పెన్ను తీశాను. అప్పుడు తెలిసింది, అన్ని రోజులు రొట్టె పెట్టిన మనిషిని నేను పేరైనా అడగలేదని. "అవ్వ" అని మాత్రం రాసి మూసేశాను.