పోయిందనే నొస్రత్ ఆగా

నొస్రత్ ఆగా నోట ఒకే ఒక్క మాట ఉండేది: "పోయింది." రొట్టె కాస్త మాడితే పోయింది. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే పోయింది. ఎవరికైనా పెళ్లి కుదిరిందంటే, పాపం, వాడి పనీ పోయింది. ఇస్ఫహాన్‌లో నది ఎండిపోయిన మాట మాత్రం నిజమే కాబట్టి, ఆయన్ని ఎవరూ పూర్తిగా కొట్టిపారేయలేకపోయేవారు.

వెన్నుపాము మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఆయన పద్దెనిమిదేళ్లుగా కోత పని చేస్తున్నాడు. అక్కడ ఎలుకలకు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో వాటి ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలకు మతి చెడి, సొంత నరాల మీది పొరనే శత్రువనుకుని తినేస్తాయి. రెండు వారాలు తిరక్కముందే తోక వాలిపోతుంది, తర్వాత వెనక కాళ్లు ఈడుస్తాయి. ఇలాంటి జబ్బుతోనే కర్ర పట్టుకుని నడిచే మనుషులు ఆ ఊళ్లో తక్కువేం కాదు. ఎలుక చచ్చాక దాని వెన్నుపామును మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా సన్నగా కోసి గాజుపలకల మీద పరచడం నొస్రత్ ఆగా వంతు. వాటికి నీలం రంగు పట్టించడం విద్యార్థుల వంతు. పొర మిగిలిన చోట నీలంగా, తినేసిన చోట వెలవెలబోతూ కనిపిస్తుంది.

ఒకసారి కొత్త యంత్రం బిగించడానికి మెకానిక్ వచ్చాడు. ఇంకా కరెంటు కూడా ఇవ్వలేదు, నొస్రత్ ఆగా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "పోయింది" అన్నాడు. ఆ మెకానిక్ భయపడి బిగించిన మరలన్నీ ఊడదీసి మళ్లీ బిగించుకున్నాడు. డాక్టర్ ఫెర్దౌస్ ఆ శాఖకు పెద్దయినప్పుడు మిఠాయి పంచితే, ఈయన రెండు ముక్కలు తీసుకుని, "ఇక మీరు మైక్రోస్కోపు మొహం చూడరమ్మా, పోయారు" అని పరామర్శించాడు. ఆవిడకు రెండు రోజులు కోపం. మూడో రోజునుంచి మీటింగులు మొదలయ్యాయి, కోపం పోయి దిగులు పట్టుకుంది.

పరస్తూ అక్కడ అయిదేళ్లుగా డాక్టరేటు చేస్తోంది. ఒక అడవి మొక్క వేరు రసం ఆ పొరను కాపాడుతుందేమోనని ఆమె ఆశ. ఇరవై నాలుగు ఎలుకలు: ఎనిమిది ఆరోగ్యంగా ఉన్నవి, ఎనిమిది జబ్బువి, ఎనిమిది జబ్బుతో పాటు మందు కూడా తాగినవి. గడువు రెండుసార్లు పెంచారు, ఇంక పెంచరు. మిగిలింది నెల రోజులు. ఈ స్లైడ్లు సరిగ్గా రాకపోతే అయిదేళ్లూ చెత్తబుట్టలోకే.

కోసిన ముక్క ఊడకుండా పూత పూసిన విదేశీ గాజుపలకలు ఆ నెల దొరకలేదు. పరస్తూ పక్క ప్రయోగశాల నుంచి మామూలువి అడిగి తెచ్చుకుంది. నొస్రత్ ఆగా వాటిని వెలుతురుకు ఎత్తి చూసి, ఈ గాజు పట్టుకోదని, అంతా పోతుందని చెప్పాడు. ఆమె నవ్వేసింది. పొద్దున టీ గురించి కూడా ఆయన అదే అన్నాడు మరి.

రంగులో నానబెట్టిన పలకల్ని మర్నాడు పొద్దున తీసి చూస్తే ఎలుకకు రెండు చొప్పున నలభై ఎనిమిదీ బోడిగా ఉన్నాయి. కోసిన ముక్కలన్నీ ఊడిపోయి, జాడీ అడుగున నీలం నలకల్లా పేరుకున్నాయి. పరస్తూకి ఏడుపు కూడా రాలేదు. తన అయిదేళ్ల మాట అటుంచి, ఊరికే చచ్చిన ఆ ఇరవై నాలుగు ప్రాణాలు గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నొస్రత్ ఆగా, పోయింది," అంది.

ఆయన టీ తాగడానికి చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకోబోతున్నవాడు దాన్ని పళ్లెంలో పెట్టేశాడు. "మిగతా వెన్నుపాము ఉందా?"

"ఇంకో పరీక్షకి నూరేశాను. ఏం లేదు."

ఆయన లేచి మూలనున్న ఇనప బీరువా తాళం తీశాడు. లోపల సొరుగులే సొరుగులు, ప్రతిదాని మీదా ఒక పేరు. ఆ శాలలో చదివి వెళ్లిన ప్రతి విద్యార్థిదీ ఉంది. ఫెర్దౌస్ మేడమ్ పేరు కూడా ఉంది. చివరి సొరుగులో పరస్తూవి ఇరవై నాలుగు గాజుపలకలు, ఎలుకకొకటి. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నాలే అందరూ ఇళ్లకు పోయాక, ఇంటినుంచి తెచ్చిన కోడిగుడ్డు తెల్లసొన గాజుకు పూసి, కోసిన వాటిలోంచి ఒక్కో ముక్క దాని మీద అతికించి దాచేవాడట. పాతకాలపు పద్ధతి, ఒకసారి అతుక్కుంటే ఊడదు.

"ఇవన్నీ ఎంతమందికి పనికొచ్చాయి?" అని అడిగింది పరస్తూ.

"ఒక్కరికీ రాలేదు డాక్టరమ్మా. అందరివీ బాగానే వచ్చి చచ్చాయి. పద్దెనిమిదేళ్లకి నిజంగా పోయింది మీ ఒక్కరిదే."

ఈసారి రంగు ఇద్దరూ కలిసి పట్టించారు. ఏది ఏ ఎలుకదో తెలియకుండా ఫెర్దౌస్ మేడమ్ అంకెలు వేసి, అసలు జాబితాను కవరులో పెట్టి అంటించింది. నొస్రత్ ఆగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. మార్కులు వెయ్యమంటే వెయ్యడు. "పోయింది" అన్నాడు. "పూర్తిగా పోయింది," "అయ్యో, ఇది మరీ పోయింది" అని వరస పెట్టాడు. పరస్తూ రాసుకుంటూ పోయింది. నాలుగో దాని దగ్గర చాలాసేపు ఆగి, ఏదో తప్పు చేసినవాడిలా, "ఇంకా పోలేదు" అన్నాడు.

కవరు విప్పారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్ని పక్కన పెడితే, ఆ మాట పడినవి అయిదు. అయిదూ మందు తాగినవే. జబ్బు ఎలుకల్లో మందు లేనిదానికి ఒక్కదానికీ ఆ మాట పడలేదు. మందు తాగిన ఎనిమిదిలో మూడు మాత్రం నిజంగానే పోయాయి. అయినా అయిదు మిగిలాయి.

పరస్తూ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన వెనక్కి జరిగాడు.

"సంబరపడకండి డాక్టరమ్మా. ఇంకా పరీక్షకుల ముందు నిలబడే రోజుంది. ఆ రోజుకి నేను సెలవు పెట్టుకున్నాను, ముందు వరసలో కూర్చుంటా. పోయినప్పుడు పక్కన ఒకరుండాలి కదా."