మూడుసార్లు తట్టిన తలుపు

మొన్న ప్రొద్దుటూరు బజారుకు బీపీ మాత్రల కోసం వెళ్లినప్పుడు, ఐస్‌క్రీమ్ అంగడి ముందు ఒక కొత్త ఫ్రీజర్ బండి ఆగి ఉంది. డ్రైవరు సరుకు దించి, తలుపు మూసి, లోపల చలి ఎంతుందో సెల్లులో ఒకసారి చూసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు. తలుపు తట్టలేదు. ఎందుకు తడతాడులెండి, ఇప్పటి పెట్టెలకు లోపలి నుంచి కూడా తీసుకునే పిడి ఉంటుందట. నేను మాత్రం అది చూసి మాత్రల సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. నా ఈడువాళ్లు, స్టీరింగు పట్టుకుని బతికినవాళ్లు ఎవరైనా ఇది చదివితే నమ్ముతారు. నమ్మకపోతే మానె, నేనైతే చెప్పకుండా ఉండలేను.

పదేళ్ల పైమాటే. మా అక్క మొగుడు, అంటే మా బావ, నన్ను సిమెంటు లారీ మీంచి దించి తాను తోలే ఫ్రీజర్ బండి ఎక్కించాడు. పొద్దున్నే కడపలో ఐస్‌క్రీములు, గడ్డకట్టించిన బఠాణీలు ఎక్కించుకుని ప్రొద్దుటూరులో కొంత, జమ్మలమడుగులో కొంత దించి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరడం మా పని. మీట నొక్కితే చల్లబడుతుంది, ఇందులో నేర్చుకోవడానికేముంది అనుకునేవాణ్ణి. మే నెలలో ఆ పెట్టెను చల్లగా ఉంచడమంటే జ్వరం పడ్డ పసిబిడ్డను కనిపెట్టుకుని ఉన్నట్టేనని వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. సరుకు ఎక్కించకముందే ఖాళీ పెట్టెను గంటకు పైగా చల్లబరచాలి, లేకుంటే కాగిన గోడలే సరుకును కరిగించేస్తాయి. గాలి ఆడడానికి అట్టపెట్టెలను కప్పుకు తగలకుండా, గోడకు ఆనకుండా పేర్చాలి. తలుపు రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగితే అది ఊడి రాకూడదు. ఆ దారిలో నాపరాళ్ల దుమ్ము ఒకటి, పెట్టెను చల్లబరిచే యూనిట్‌కు పట్టేసి దానికి ఊపిరాడనివ్వదు, రోజూ నీళ్లు కొట్టి కడగాలి. ఇవన్నీ చేసినా, తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి లోపలికి పోయి మంచై పేరుకుంటుంది. ఆ మంచును కరిగించుకోవడానికి యూనిట్ మధ్యమధ్య తనంతట తానే ఆగేది, అప్పుడు పెట్టెలోంచి టకటకా చప్పుళ్లు వచ్చేవి. మొదటిసారి విని నేను బిక్కచచ్చిపోతే బావ నవ్వి, అది మంచు విరిగే చప్పుడని, దానికి ఒక లెక్కా పత్రం ఉండదని, దాని కోసం బండి ఆపి తలుపు తీశావంటే కాళ్లు విరగ్గొడతానని చెప్పాడు.

బావకు ఒక అలవాటుండేది. ఎక్కడైనా సరే, తలుపు గడియ వేశాక అరచేత్తో మూడుసార్లు తట్టి, "ఎవురన్నా ఉండారా లోపల?" అని పిలిచి, చెవి ఆనించి కాసేపు నిలబడేవాడు. పెట్టె ఖాళీగా ఉన్నా ఇదే తంతు. అంగళ్లవాళ్లు నవ్వేవాళ్లు. ఎవరి కోసం పిలుస్తున్నావని నేనొకసారి ఎగతాళిగా అడిగితే మొహం గంటు పెట్టుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిజానికి ఆ ఎండల్లో మాకందరికీ ఒక పాడలవాటుండేది, సరుకు దించే సందులో లోపలికి దూరి చలిలో ఒక నిమిషం కూర్చోవడం. అలా దూరినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టిపోసేది బావే.

ఆ రోజు జమ్మలమడుగు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పొద్దుటి నుంచే తల తిరుగుతోందంటున్న బావ, తాను అక్కడే దిగిపోయి బస్సులో ఇంటికి పోతానని, అక్కకు ఫోన్ కూడా చేసి చెప్పానని, పులివెందులకు నన్నొక్కణ్ణే పొమ్మని అన్నాడు. నేను సరుకు దించి, అంగట్లో కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చి చూస్తే క్యాబిన్‌లో లేడు. బస్టాండుకు పోయుంటాడనుకున్నాను. ఓరగా వదిలిపోయిన తలుపును లోపలికి చూడకుండానే మూసి గడియ వేశాను. తట్టలేదు. అడిగేవాడు లేడు కదా అని, ఆ నవ్వులాట నాకెందుకులే అని, బండెక్కేశాను. నా బుద్ధి గడ్డి తినింది.

దారి పొడుగునా పురుగు కూడా లేదు. ముద్దనూరు దగ్గర రైలు గేటు పడితే బండి ఆపి ఇంజను కట్టేశాను, వేరే మోటారు మీద నడిచే యూనిట్ మాత్రం మోగుతూనే ఉంది. నా ముందు బండి లేదు, వెనక బండి లేదు, గేటు దగ్గర మనిషి కూడా కనబడలేదు. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"మీ బావ ఫోన్ కలవడం ల్యా. యాడుండాడ్రా?"

బస్సులో ఉంటాడని, సిగ్నల్ దొరక్క కలవడం లేదేమోనని చెప్పి పెట్టేశాను. సరిగ్గా అప్పుడే యూనిట్ ఆగిపోయింది. అంతసేపూ చెవుల్లో మోగిన ఆ రొద ఒక్కసారిగా పోయేసరికి లోకమంతా ఊపిరి బిగబట్టినట్టనిపించింది. తర్వాత పెట్టెలోంచి చప్పుడు వచ్చింది. మూడు దెబ్బలు. కొంచెం ఆగి మళ్లీ మూడు.

మంచు విరిగే చప్పుడేనని నాకు నేను చెప్పుకున్నాను. కిందటి వారమే సరుకు మెత్తబడిందని పులివెందుల అంగడివాళ్లు తిప్పి పంపారు, మళ్లీ అలా జరిగితే పని మానుకోమని యజమాని తేల్చి చెప్పాడు. ఈ ఎండలో దారి మధ్యలో తలుపు తెరిస్తే నా పని సరి. అవును, నేను ముందు సరుకు గురించే ఆలోచించాను. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

అయినా కాళ్లు నన్ను వెనక్కి ఈడ్చుకుపోయాయి. కాలిపోతున్న తలుపు మీద అరచేత్తో మూడుసార్లు తట్టి, జమ్మలమడుగులో అడగని మాట అక్కడ అడిగాను. నా చెయ్యి ఇంకా తలుపు మీదనే ఉంది. దాని కిందనే, అవతలి వైపు నుంచి, మెల్లగా మూడు దెబ్బలు తగిలాయి.

గడియ ఎలా తీశానో నాకు తెలియదు. తెల్లటి పొగ మొహం మీద కొట్టింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. పెట్టె ఆ చివర, పేర్చిన సరుకు వెనకాల, బావ గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మీద మంచు, కళ్లు మూతపడి, చేతులు రెండూ చంకల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. భుజాన వేసుకుని బయటికి తెచ్చి, గేటు లేవగానే ముద్దనూరు ఆసుపత్రికి తోలాను. ముందు వడదెబ్బకు స్పృహ తప్పాడని, ఆ చలిలో ఇంకో పావుగంట ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు సరుకు మొత్తం కరిగిపోయింది, నా ఉద్యోగమూ పోయింది. నేను బాధపడలేదు.

మూడో రోజు మాట్లాడే ఓపిక వచ్చాక, అంత చలిలో తలుపు దాకా వచ్చి తట్టి, మళ్లీ వెనక్కి ఎందుకు పోయి కూర్చున్నావని అడిగాను. బావ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు.

"నేను యాడ తట్టినా? పోయి కూసున్నెది ఒక్కటే తెలుసు నాకు."

అప్పుడు చెప్పాడు, అక్కకు కూడా ఎన్నడూ చెప్పని సంగతి. పెళ్లికి ముందు నెల్లూరు నుంచి రొయ్యల బండి తోలేటప్పుడు ఆయనకొక జతగాడు ఉండేవాడు. ఎండకు తాళలేక అతను లోపల కూర్చున్న సంగతి తెలియక బావే గడియ వేశాడు. దారిలో చప్పుడు వినిపించింది. మంచు విరిగే చప్పుడనుకుని బండి ఆపలేదు.

"ఇన్నేండ్లూ నేను బయట నుంచి పిలుస్తానే ఉండా. ఇన్నాళ్లకు వాడు పలికినాడు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను బయటికి వచ్చేశాను.

ఇప్పుడంతా మారింది, మంచిదే. చలి ఎంతుందో యంత్రమే చెబుతుంది, తలుపు తెరిచి ఉంటే అదే కూత పెడుతుంది, ఇక మనిషి పిలవాల్సిన అవసరమేముంది? పోయిన వేసవిలో బావ నిద్రలోనే కన్నుమూశాడు. దూరం నుంచి రావలసినవాళ్లు ఉన్నారని, ఎండలు మండిపోతున్నాయని, అందరిళ్లలో చేసినట్టే అద్దాల ఫ్రీజర్ పెట్టె తెప్పించి అందులో పడుకోబెట్టాం. అదే రొద, అదే చలి. అక్క ఏడుపు ఆపి నన్నే చూస్తుండగా మూత మీద అరచేత్తో మూడుసార్లు తట్టి, "ఉండావా బావా?" అని అడిగి చెవి ఆనించాను. చాలాసేపు అలాగే వంగి ఉన్నాను. మంచు విరిగిన చప్పుడు కూడా రాలేదు.