మా బావ మీసం అంచు

ఆ రోజుల్లో, అంటే 1999లో, నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. కొత్త చదువుకు వయసు దాటిందని ధర్మవరంలో నేను తప్ప అందరూ అనుకున్నారు. ఇప్పుడు లెక్క వేసుకుంటే అది పడుచుతనమే.

అంతకు ముందు ఏడాది, పట్టుచీరల మీద పుస్తకం రాసే ఒక జర్మన్ ఆవిడ మా మగ్గాలు చూడవచ్చి, ఈ అంచులు ఎవరు గీశారని అడిగింది. మా బావ (మావారి అన్న, ఇంటికి పెద్ద) మీసం దువ్వుకుంటూ "మా తాతల కాలంవి" అని ఆవిడ వెంట వచ్చిన దుబాసీతో చెప్పించాడు. గళ్ళకాగితం మీద ఒక్కో పోగు లెక్కపెట్టి వాటిని గీసిన నేను కాఫీ గ్లాసులతో గడపలో నిలబడి ఉన్నాను. మళ్ళీ ఏడాది వస్తానని, తన చిన్న జర్మన్-ఇంగ్లీషు నిఘంటువు నా చేతికిచ్చి వెళ్ళింది. వచ్చేలోపు "ఇవి నేనే గీశాను" అన్న ఒక్క మాట ఆమె భాషలోనే చెప్పాలని పట్టుపట్టాను.

నా ఇంటర్ ఇంగ్లీషుతో అర్థాలు తెలిసేవి గాని, మాటలు బుర్రలో నిలిచేవి కావు. గళ్ళల్లో గీసిందే నాకు నిలుస్తుంది. అందుకని మాటకో బుటా కట్టాను. రేగెన్ అంటే వాన. దానికి నుదుట చెయ్యి అడ్డంపెట్టి ఆకాశం చూసే మనిషి. మోర్గెన్ అంటే రేపు. దానికి, ఎప్పుడడిగినా నీళ్ళు రేపేననే మునిసిపాలిటీ కుళాయి. ఏజెల్ అంటే గాడిద. ఆ మాట నేర్చిన రోజే మా బావ "ఏమ్మా, జర్మనీ సదివి ఎవురితో మాట్లాడతావు, మగ్గంతోనా?" అన్నాడు గనక, దానికి ఆయన మీసం గీశాను.

ఆ కాగితాన్ని కొత్త అంచు అనుకుని బావే, మగ్గానికెక్కించే చిల్లుల అట్టలు కొట్టడానికి పంపేశాడు. నేను చూసేసరికి మగ్గం మీద మూరెడు చీర దిగింది. వద్దంటే "బాగుండాది, నేయనీ" అన్నాడు.

ఆవిడ రానే వచ్చింది, ఈసారి దుబాసీ లేకుండా. బావ ఆ చీరే పరిచి "తాతల కాలం" అని మొదలుపెట్టాడు. నేను గ్లాసులు కింద పెట్టి, అంచు మీద వేలు జరుపుతూ చదివాను: రేగెన్, ఏజెల్, మోర్గెన్. ఆవిడ మీసం బుటాను చూసింది, బావను చూసింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఏమంటాందమ్మా ఆయమ్మ?"

"మీ మీసం బాగుండాదంట బావా."

ఆయన ఇంకో మెలి తిప్పాడు. అప్పుడు చెప్పాను, ఏడాదిగా దాచుకున్న మాట: "దస్ హాబె ఇష్ గెట్సైష్‌నెట్." ఆవిడ నవ్వు ఆపి, నా పేరడిగి రాసుకుంది.

"నీ పేరు యాలడిగింది?" అన్నాడు బావ.

"గీసింది నేనే అని చెప్పినా."

"అది చెప్పనీకి ఇంత సదివినావా? నన్నడిగింటే నేనే చెబుతాంటి కదమ్మా." (ముందు ఏడాది అడిగింది ఆయన్నే అని నేను గుర్తు చేయలేదు.)

ఆ అంచు ఊరంతా పాకింది. ఇప్పుడు నాకు జర్మన్ చాలావరకు పోయింది, బావా లేడు. మొన్న కదిరిలో ఒక పెళ్ళిలో, అక్షింతలు పట్టుకుని పెళ్ళికూతురి భుజం మీద ఆ అంచునే వరసగా చదువుకున్నాను: వాన, గాడిద, రేపు. ఒక్క తప్పూ పోలేదు. ఎంత బాగా దువ్వుకునేవాడో ఆ మీసాన్ని.