మా బావ తిరిగిన ఏడు దేశాలు

మా చర్చిలో ఒక అలవాటుంది. వార్షికోత్సవం రోజు ఫారిన్ పోయొచ్చిన వాళ్లకు వేదిక మీద కుర్చీ, మెడలో దండ. ‘ఇన్ని దేశాలు చూసిన సహోదరుడు’ అని పాస్టరుగారు మైకులో చెప్తారు. మిగతా పాపులందరం కింద చాపల మీద.

ఈసారి ఆ కుర్చీ మా బావది. ముందురోజు అక్కావాళ్లింట్లో చేపల పులుసు తింటా ఉంటే ఆయనే చెప్పినాడు.

“ఏడు దేశాలని చెప్పమన్నా పాస్టరుగారికి.”

“ఏడెక్కడివి బావా? మీరూ అక్కా టూరు పోయింది మూడు దేశాలకే గదా?”

“దోహాలో విమానం మారలా? టీ తాగినాం. అదొకటి.”

మిగతావీ ఆ బాపతే. ఒక దేశాన్ని పడవలోంచి చూసినాడంట, ఇంకో రెండింటిని విమానం కిటికీలోంచి.

నాకు ఒళ్లు మండింది. కృష్ణపట్నం పోర్టులో ఓడలకు కూరగాయలు, గూడూరు నిమ్మకాయలు వేసేది నేను. పనామా జెండా ఓడ, లైబీరియా జెండా ఓడ, అన్నీ ఎక్కినోణ్ణి. ఏ జెండా ఎగిరితే ఓడ మీద ఆ దేశం చట్టమే నడుస్తుందంట.

“అట్లయితే నా దేశాలకు వేళ్లు చాలవు. నాకూ కుర్చీ వెయ్యమనండి” అన్నా.

బావ చేతిలో ముద్ద ఆపి తీర్పు చెప్పినాడు. “జెండాలు కాదు బామ్మర్దీ. ఆ దేశం నేల మీద కాలు మోపాల. మోపితేనే లెక్క.”

వడ్డిస్తా ఉన్న అక్క నిలబడిపోయింది.

“స్విట్జర్లాండులో మోకాలు నొప్పని మీరు బస్సే దిగలా. నేను దిగినా. మంచులో నడిచినా. ఇటలీలో కూడా అంతే. ఆ పెద్ద చర్చి చూసొచ్చి మీకు చెప్పింది నేనే.”

నేను పగలబడి నవ్వినా. “ఇంకేంది బావా! రేపు కుర్చీ అక్కకే!”

అక్క నవ్వలా. ఆయన మొహమే చూస్తా ఉంది. ఆ కుర్చీ మీద ఆమెకు ఆశ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

“అదెట్లా కుదురుద్ది?” అన్నాడు బావ. “ఆమె నాకు తోడొచ్చింది. తోడొచ్చినోళ్లది లెక్కలోకి రాదు.”

అక్క గరిటె గిన్నెలో పెట్టింది. చెయ్యి కడుక్కోని, బీరువా దగ్గరికి పోయి నిలబడింది.

“తాళాలు ఇయ్యండి. నా పాస్‌పోర్టు కావాల.”

“ఇప్పుడెందుకే? ఎక్కడికి పోతావు?”

“ఎక్కడికైనా. మీరు తోడు రావద్దు.”