మా గుట్ట మీద తెల్ల ఎద్దు

మొన్న కంపెనీ పాత బండిని అమ్మకానికి పెడుతూ లోపలి సామానంతా తీసేయమంటే, లుసైల్ ఆఫీసు పార్కింగులో దాని డాష్‌బోర్డు అర ఖాళీ చేస్తున్న నాకు, తుప్పుపట్టిన రేకు డబ్బా కింద అణిగిపోయిన ఒక పలుచని పుస్తకం దొరికింది. అట్ట మీద పచ్చని కొండ, కొండ మీద తెల్ల గుర్రం. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ గుర్రాన్ని చూడగానే పాత కడుపుమంట మళ్ళీ రగిలింది. మన ఈడువాళ్ళ దగ్గర దాపరికం దేనికి!

ఆ పుస్తకం మా కంపెనీలో పనిచేసిన ఇంగ్లండు సారుది. నేను ఖతార్ వచ్చిన కొత్తలో అల్ తుమామాలోని ఇంటి నుంచి లుసైల్ సైటుకు రోజూ ఆయన్ని తీసుకువెళ్ళడమే నా డ్యూటీ. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, తన విల్ట్‌షైర్ ముచ్చట్లు ఎత్తుకునేవాడు. విల్ట్‌షైర్ అంటే మన జిల్లా లాంటిదే. అక్కడ కొండ మీది మట్టిని గుర్రం ఆకారంలో చెక్కేస్తే కింది తెల్ల సుద్ద బయటపడి అంతంత గుర్రాలయ్యాయట, వాటి మీద గడ్డి మొలవకుండా జనం ఇప్పటికీ శుభ్రం చేస్తారట. ఒక పెద్ద చర్చిలో వందల ఏళ్ళనాటి గడియారానికి ముల్లూ లేదు, అంకే లేదు, గంట కొట్టడమొక్కటే దాని పనట. దొంగసారా పీపాలను చెరువులో దాచి, కర్రలతో లాగుతూ పట్టుబడినవాళ్ళు నీళ్ళలోని చందమామను చూపించి జున్నుముద్ద తీస్తున్నామంటే, అధికారులు వీళ్ళెవరో పిచ్చివాళ్ళనుకుని నవ్వుకుంటూ పోయారట, అందుకే ఆ జిల్లావాళ్ళకు చందమామను లాగినవాళ్ళని పేరట.

ఒక్క జిల్లాకు ఇన్ని ముచ్చట్లా! ఆఖరికి దొంగలకు కూడా కథ ఉంది, దాన్ని అచ్చువేసి పెట్టుకున్నారు కూడా. మరి నీ ఊళ్ళో ఏముందని ఆయన అడిగితే నేనేం చెప్పను? మా ఊరు ఆ ముందటేడే ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది. ఆ మాట అంటే జాలిపడతాడు, ఆ జాలి నేను భరించలేను. అందుకే మా గుట్ట మీద కూడా పెద్ద తెల్ల ఎద్దు ఉందని, ఏటా ఊరంతా కూడి దానికి సున్నం కొడతామని పచ్చి అబద్ధం ఆడేశాను. ఆయన మహా సంబరపడిపోయి, మా ఊరి పేరు అడిగి మరీ, ఆ పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో రాసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది, వచ్చే సెలవులకు హైదరాబాదు మీదుగా వచ్చి ఆ ఎద్దును చూస్తానన్నాడు!

ముఐథర్‌లో నాతోపాటు ఒకే గదిలో ఉండే మా బామ్మర్దికి చెబితే వాడు పగలబడి నవ్వాడు.

"కడుపుమంటతోని ఎద్దును పుట్టించినవ్ బావా! ఇగ దాన్ని యాడ కట్టేస్తవో నేనూ జూస్త."

మర్నాడు బండిలో, ధైర్యం కూడగట్టుకుని, "సార్, విలేజ్ మాఫీ," అన్నాను. నేనన్నది మన రుణమాఫీలోని మాఫీ, ఊరి విషయంలో తప్పయింది, మన్నించమని. ఆయనకు తెలిసిన మాఫీ ఇక్కడి అరబ్బుల మాట, లేదని దాని అర్థం. ఊరే లేదంటున్నాననుకుని నా వైపు తిరిగి చూశాడు. అదీ నిజమేగా! పానీ, సబ్ పానీ అని చేత్తో చూపించాను.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ జిల్లాలోనూ ఒక ఊరిని యుద్ధకాలంలో సైన్యం సాధన కోసం ఖాళీ చేయించారట, మళ్ళీ తిరిగి ఇవ్వలేదట. కానీ అక్కడి చర్చి అలాగే ఉందట, ఏడాదిలో కొన్ని రోజులు తలుపులు తీస్తే, జనం వెళ్ళి కాసేపు కూర్చుని వస్తారట. ఓదార్పుకే చెప్పాడు పాపం, నాకేమో కుళ్ళు రెట్టింపయింది. వాళ్ళ పోయిన ఊరికి కూడా తాళం చెవి ఉంది. మాకు వెళ్ళి కూర్చోవడానికి గడపైనా మిగల్లేదు.

సారు ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ ఆ పుస్తకాన్ని నాకే ఇచ్చాడు. ఆ ఉక్రోషంలో తెరిచి చూడకుండా అరలో కుక్కేశాను.

మొన్న తెరిచాను. నా అబద్ధాన్ని కొట్టేసి ఉంటాడనుకున్నాను. కొట్టేయలేదు. మా ఊరి పేరు, దాని పక్కన తెల్ల ఎద్దు, రెండూ అలాగే ఉన్నాయి. ఇవాళ మా ఊరి పేరు బస్సు బోర్డు మీద కూడా లేదు, మా అబ్బాయి సైతం ఎవరైనా అడిగితే పునరావాస కాలనీ పేరే చెబుతాడు. ఆ పేజీలో మాత్రం మా ఊరికి ఇంకా నీళ్ళు రాలేదు, ఏటా జనమంతా కూడి గుట్టెక్కి ఎద్దుకు సున్నం కొడుతూనే ఉన్నారు. సారు గుర్రాన్ని చూసి రగిలిన కుళ్ళు అక్కడితో చల్లారిపోయింది. ఇప్పుడు నాకు ఆ పెన్సిలు రాతలోని మా ఊరివాళ్ళను చూస్తేనే కుళ్ళుగా ఉంది.